హరికేన్ వస్తే 38 ఇళ్లు ఎప్పుడు, ఎటు కదలాలి? ప్లాన్ రాయాలి, సాయం కావాలి

బేగట్టు కోడలు:

నమస్తే అండి. మేం ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, బే వైపు ఉంటాం. మా కమ్యూనిటీలో 38 ఇళ్లు. అందులో తొమ్మిది మన తెలుగువాళ్లవి. అన్నీ ఎవాక్యుయేషన్ జోన్ 'ఎ' లోనే, అంటే తుఫాను వస్తే అందరికంటే ముందు ఖాళీ చేయమనే ప్రాంతంలోనే ఉన్నాయి. జూన్ 1న సీజన్ మొదలవుతుంది కదా, ఈలోపు ఒక ప్లాన్ రాసిపెట్టమని హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) మీటింగ్‌లో నాకు అప్పజెప్పారు. నేనే ఎందుకంటే, 2024లో జరిగినదానికి అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

జరిగింది చెప్తాను. 2022లో ఇయాన్ టాంపా మీదికే వస్తుందన్నారు. సామాను సర్దుకుని ఓర్లాండో వెళ్లాం. అది దక్షిణానికి తిరిగి ఫోర్ట్ మయర్స్ వైపు తీరం దాటింది. మా ఇంట్లో పూలకుండీ కూడా కదల్లేదు. మూడు రాత్రుల హోటల్ బిల్లు చూసి మా ఆయన "ఇంకోసారి వెళ్తే చూడు" అన్నారు.

2024 సెప్టెంబర్ 26న హెలీన్ వచ్చింది. జోన్ 'ఎ' వాళ్లు వెళ్లిపోవాలని కౌంటీ ఆర్డర్ ఇచ్చింది. కానీ అది మాకు వంద మైళ్లకు పైగా పడమటగా, సముద్రంలోనే ఉత్తరానికి పోతోంది. గాలి పెద్దగా లేదు, కరెంటు ఉంది, పిల్లలు టీవీ చూస్తున్నారు. రాత్రి పది దాటాక గ్యారేజీ తలుపు కింద నుంచి నీళ్లు మొదలయ్యాయి. గంటలో మోకాలి దాకా వచ్చాయి. మా అత్తగారికి అప్పటికి మోకాలి ఆపరేషన్ అయి ఏడు వారాలు. ఆవిడని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీని నేనూ మా ఆయనా మోసుకుంటూ ఎదురింటి మేడ మీదికి చేర్చాం. ఆవిడ ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

రెండు వారాలు కాకుండానే మిల్టన్. ఈసారి భయపడి అందరం ఒకేసారి అట్లాంటా బయల్దేరాం. ఏడు గంటల దారి పదహారు గంటలు పట్టింది. బంకుల్లో పెట్రోల్ లేదు. వెనకాల వస్తున్న ఒక కుటుంబం ఓకాలా దగ్గర ఆగిపోయి కారులోనే పడుకున్నారు.

ఇప్పుడు నా ప్రశ్నలు. ఎంత ముందు కదలాలి? ఎంత దూరం వెళ్లాలి? కారు లేని వాళ్లు ఇద్దరున్నారు, ఆక్సిజన్ మీద ఉన్న పెద్దాయన ఒకరున్నారు, వాళ్లనేం చేయాలి? అన్నిటికంటే ముఖ్యం, ప్లాన్ రాసి పీడీఎఫ్ పంపితే ఎవరూ తెరవరు. నిజంగా జనం కదిలేలా ఏం చేయాలి?

లుట్జ్ లడ్డు:

అక్కా, మరీ టెన్షన్ పడుతున్నారేమో. మాది ఫ్లడ్ జోన్ 'ఎక్స్', ఇల్లు 2006లో కట్టింది, షట్టర్లు ఉన్నాయి, జనరేటర్ ఉంది. మిల్టన్‌కి మేం కదల్లేదు, ఏమీ కాలేదు. హరికేన్ అనగానే అందరూ రోడ్డెక్కడమే అసలు సమస్య.

పాత హ్యూస్టన్:

లడ్డుగారూ, మీరు చివర్లో అన్నదానితో ఏకీభవిస్తాను. మొదట అన్నదానితో కాదు. ఫ్లడ్ జోన్ వేరు, ఎవాక్యుయేషన్ జోన్ వేరు. మీరు చెప్పే 'ఎక్స్' ఫీమా (కేంద్ర ప్రభుత్వ విపత్తుల సంస్థ) మ్యాపులోది, ఇన్సూరెన్స్ లెక్క కోసం. కౌంటీ ఇచ్చే 'ఎ' నుంచి 'ఇ' దాకా అక్షరాలు ఉప్పెన లెక్కవి. ఏ ఇల్లు ముందు మునుగుతుందో దాన్ని బట్టి అక్షరం. ఫీమా మ్యాపులో 'ఎక్స్' ఉండి, కౌంటీ మ్యాపులో 'బి' ఉన్న ఇళ్లు ఉంటాయి. అడ్రస్ కొడితే కౌంటీ వెబ్‌సైట్ చెప్తుంది. మీది ఏ అక్షరమూ లేని ఇల్లయితే మీరు ఉండిపోవడమే సరైన పని. సంతోషం.

కోడలుగారూ, మీకు నా కథ చెప్పాలి. ఇది నేను గొప్పగా చెప్పుకునేది కాదు.

2005 సెప్టెంబర్‌లో రీటా వచ్చింది. కత్రినా న్యూ ఆర్లీన్స్‌ని ముంచి నెల కూడా కాలేదు. టీవీలో ఆ ఇంటి కప్పుల మీద మనుషుల్ని చూసి ఉన్నాం. మేం ఉండేది హ్యూస్టన్‌కి వాయవ్యంగా, సముద్రానికి 60 మైళ్ల పైన. అక్కడికి ఉప్పెన రాదు. మమ్మల్ని ఎవరూ వెళ్లమనలేదు. అయినా గురువారం పొద్దున్నే బయల్దేరాం. డల్లాస్ దాకా మామూలుగా నాలుగు గంటలు. మాకు 22 గంటలు పట్టింది. పెట్రోల్ మిగలాలని ఏసీ ఆపేశాం. బయట ఎండ మండిపోతోంది. వెనక సీట్లో మూడేళ్ల పిల్లాడు. మధ్యాహ్నానికి వాడు ఏడవడం మానేశాడు, అప్పుడు నాకు కాళ్లు వణికాయి. పక్క ట్రక్కులో ఉన్న ఒకావిడ ఐస్ పెట్టె తెరిచి రెండు గుప్పిళ్లు ఐస్ ఇచ్చింది.

తుఫాను చివరికి తూర్పుగా, టెక్సస్, లూసియానా సరిహద్దు దగ్గర తీరం దాటింది. మా ఇంటికి చెట్టుకొమ్మ ఒకటి పడింది. అంతే. ఆ రోజుల్లో టెక్సస్‌లో పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం గాలికీ నీటికీ కాదు, రోడ్డు మీదే పోయాయి. డల్లాస్ దగ్గర వృద్ధాశ్రమం వాళ్లని తీసుకెళ్తున్న బస్సు మంటలంటుకుని 23 మంది పోయారు. బస్సులో ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయి.

నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టిన సంగతి ఏమిటంటే, గాల్వెస్టన్‌లో నిజంగా మునిగే చోట ఉన్నవాళ్లు మా వెనక ఇరుక్కున్నారు. వాళ్ల దారికి అడ్డం నా కారే. అందుకే నాలాంటివాడు రోడ్డెక్కకుండా ఉండటం కూడా ఎవాక్యుయేషన్ ప్లానులో భాగమే అంటాను. నీటి నుంచి పరుగెత్తాలి, గాలి నుంచి దాక్కోవాలి అని ఇక్కడివాళ్లు ఊరికే అనరు.

ఇక మీ ప్రశ్నలకు.

దూరం: వందల మైళ్లు వద్దు. పదుల మైళ్లు చాలు. అట్లాంటా ఆలోచన మానేయండి. హెలీన్ మీ ఊరు దాటి ఎటు పోయింది? జార్జియా మీదుగా నార్త్ కరొలైనా కొండల్లోకి వెళ్లి ఆష్‌విల్‌ని ముంచింది. దూరంగా పారిపోవడమంటే ఒక్కోసారి తుఫానుతో పాటు ప్రయాణం చేయడమే. మీ కౌంటీలోనే మధ్యలో ఎత్తు ప్రాంతాలున్నాయి, ఏ అక్షరమూ లేనివి. అక్కడికైతే బ్రిడ్జి దాటే పని కూడా లేదు. లేదా వెస్లీ చాపెల్ వైపు మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు.

నేనైతే ప్లానులో మొదటి పేజీగా జతలు రాస్తాను. మీ 38 ఇళ్లలో ఒక్కో ఇంటికి, జోన్ బయట ఉన్న ఒక ఇల్లు. ఇప్పుడే, మే నెలలోనే, ఫోన్ చేసి అడగండి. "హరికేన్ వస్తే మా ఐదుగురం రెండు రాత్రులు మీ ఇంట్లో ఉండొచ్చా?" అని సూటిగా. ఆవకాయ జాడీ పట్టుకుని ఒకసారి వెళ్లి ఆ గది చూసి రండి. మనవాళ్లు తుఫాను రోజు ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడతారు, అడక్కుండా ఇంట్లో కూర్చుంటారు. నేను చూసినంతలో జనం కదలకపోవడానికి ధైర్యం కారణం కాదు. మొహమాటం, హోటల్ ఖర్చు, కుక్క. ఈ మూడే. జత కుదిరితే మూడూ తీరతాయి. (కుక్క గురించి ముందే చెప్పండి, పాపం.)

సమయం: తీరం దాటే గంట నుంచి వెనక్కి లెక్కపెట్టకండి. అందరూ చేసే తప్పు అదే. గంటకు 39 మైళ్ల గాలి మీ ఊరికి ఎప్పుడు వస్తుందో అక్కడి నుంచి లెక్కపెట్టాలి. ఆ గాలి మొదలైతే మీ పనులన్నీ ఆగినట్టే. అది ఇంకాస్త పెరిగితే బ్రిడ్జీలు మూస్తారు, అంబులెన్సు కూడా బయటికి రాదు. నేషనల్ హరికేన్ సెంటర్ ఆ గాలి రాక మీదే ఒక మ్యాపు ఇస్తుంది. అందులో రెండు రకాలుంటాయి, 'ఎక్కువ అవకాశం ఉన్న సమయం' ఒకటి, 'త్వరగా వస్తే ఎప్పుడు' అనేది ఒకటి. మీరు రెండోది చూడండి. వాళ్లు హరికేన్ వాచ్ (రావచ్చు అనే హెచ్చరిక) ఇచ్చేది ఆ గాలికి సుమారు 48 గంటల ముందు, వార్నింగ్ (వస్తుంది అనేది) 36 గంటల ముందు. ఉప్పెనకు విడిగా వాచ్, వార్నింగ్ ఉంటాయి. మీ జోన్‌కి అవే ప్రాణం. టీవీలో మ్యాపు మీద గరాటులా చూపించే కోన్ బొమ్మ చూసి నిర్ణయం తీసుకోకండి. అది తుఫాను కేంద్రం దారి మాత్రమే చెప్తుంది. ఆ కేంద్రం కూడా మూడుసార్లలో రెండుసార్లే ఆ కోన్‌లో ఉంటుంది. నీళ్లు కోన్ గీత దగ్గర ఆగవు. మీరే చూశారుగా.

చివరగా, ఓటింగ్ పెట్టకండి. వాట్సాప్‌లో "వెళ్దామా వద్దా" అని అడిగితే ఎవరో ఒకరు కంప్యూటర్ అంచనాల ఐదు రంగుల గీతల బొమ్మ పెట్టి "అమెరికా మోడల్ పడమటకు పోతోంది" అంటారు. ఇక అంతే. ఉప్పెన వాచ్ పడితే పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లు అదే రోజు కదలాలి. కౌంటీ ఆర్డర్ పడితే మిగతా అందరూ. ఇది ఇప్పుడే, ఎండ కాస్తున్నప్పుడు ఒప్పుకోవాలి.

నైట్ షిఫ్ట్ నర్సు:

పాత హ్యూస్టన్ గారు అసలు విషయం చెప్పారు. నేను ఆరోగ్యం వరకు చెప్తాను, డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

ఆక్సిజన్ మీద ఉన్న ఆయనకు ఎవరి ఇల్లూ వద్దు. ఫ్లోరిడాలో ప్రతి కౌంటీకి స్పెషల్ నీడ్స్ షెల్టర్ రిజిస్ట్రీ ఉంటుంది. ముందే పేరు రాయించాలి. జనరేటర్ ఉంటుంది, నర్సులుంటారు. కారు లేకపోతే వాళ్లే బండి పంపే ఏర్పాటు కూడా అందులోనే అడగొచ్చు. కారు లేని మీ ఇద్దరికీ అదే ఫోన్ కాల్. తుఫాను రెండు రోజుల్లో ఉందనగా చేస్తే లైను దొరకదు, ఈ వారమే చేయండి.

మామూలు షెల్టర్ అంటే హోటల్ అనుకోవద్దు. స్కూలు లోపలి నడవా, మనిషికి సుమారు 20 చదరపు అడుగులు. మంచం ఉండకపోవచ్చు. పరుపు, దుప్పటి, మందులు, తినడానికి ఏదైనా మీరే తెచ్చుకోవాలి. ప్రాణానికి మాత్రం ఢోకా లేదు.

మందులు: ఎమర్జెన్సీ ప్రకటిస్తే ఫ్లోరిడాలో 30 రోజుల మందులు గడువుకు ముందే ఇన్సూరెన్స్ మీద తీసుకోవచ్చు, చట్టంలో ఉంది. చాలామందికి తెలియదు. ఇన్సులిన్ వాడుతున్న పెన్ను బయట కొన్ని వారాలు ఆగుతుంది, కానీ వేడి కారులో వదిలేస్తే పాడైపోతుంది. ఐస్ ముక్కకు నేరుగా తగలనివ్వొద్దు, గడ్డకడితే పారేయడమే. డయాలసిస్ వాళ్లుంటే సెంటర్ వాళ్లని ఇప్పుడే అడగండి, తుఫాను ముందురోజు ముందస్తుగా చేస్తారా, మూసేస్తే ఎక్కడికి పంపుతారు అని.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ల మందుల చీటీలో కంపెనీ పేరు ఉంటుంది, ఇక్కడి ఫార్మసీకి అది తెలియదు. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. హెలీన్ తర్వాత తడిసిన కవరులో పేరు చెరిగిపోయిన మాత్రలు పట్టుకుని వచ్చారు ఒకావిడ. బీపీదో షుగరుదో ఆవిడకే తెలియదు.

లడ్డు తమ్ముడూ, ఆ జనరేటర్ గ్యారేజీలో పెట్టొద్దు, తలుపు తీసి ఉంచినా సరే. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టు. తుఫాను వెళ్లిపోయాక మా దగ్గరికి వచ్చే కేసుల్లో దాని పొగలోని విషవాయువు పీల్చినవాళ్లు ఉంటారు, కొంతమంది అసలు మా దాకా రారు.

లుట్జ్ లడ్డు:

సరే అక్కా, గ్యారేజీలోనే పెట్టేవాణ్ణి, నిజం చెప్తున్నా. ఇప్పుడే కౌంటీ మ్యాపు కూడా చూశాను, మాది ఏ జోనూ కాదు. మూడు బెడ్‌రూములు, ఒకటి ఖాళీ. మా ఇంటిని ఎవరికైనా జత రాసేయండి. కుక్క ఓకే. పిల్లికి మా ఆవిడకు ఎలర్జీ.

హెచ్1బి దిగులు:

రెండు ముక్కలు. పాస్‌పోర్టులు, ఐ-797లు, ఐ-94 ప్రింటు (వీసా కాగితాలు), పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఒక జిప్‌లాక్‌లో పెట్టి అందరికంటే ముందు కారులో వేయండి. మా కొలీగ్‌వి నీళ్లలో నానిపోయాయి, పాస్‌పోర్టు మళ్లీ తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రెండోది, మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నీటికి డబ్బులివ్వదు. ఫ్లడ్ పాలసీ విడిగా కొనాలి. ప్రభుత్వ పథకంలో ఈ రోజు కొంటే మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. అంటే తుఫానుకు పేరు పెట్టాక కొనడం వృథా.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు ఇంకో ముక్క (మూడు అయ్యాయి). ఉప్పునీళ్లలో మునిగిన బ్యాటరీ తర్వాతెప్పుడో అంటుకోవచ్చు. ఇయాన్ తర్వాత, హెలీన్ తర్వాత ఇక్కడ కొన్ని కార్లకు అలాగే అయింది. వదిలి వెళ్లాల్సి వస్తే గ్యారేజీలో కాదు, ఎత్తున్న చోట, ఇంటికి దూరంగా ఆపండి.

బేగట్టు కోడలు:

అందరికీ థాంక్స్ అండి. ఒక్కొక్కరికీ విడిగా రాయలేక ఇక్కడే రాస్తున్నా. రెండు వారాలు పట్టింది.

ముందు మా మామగారి సంగతి. ఆయనది అవనిగడ్డ దగ్గర పల్లె. హెలీన్ రోజు మేం "స్టార్మ్ సర్జ్ అంట మామయ్యా, ఐదారు అడుగులంట" అని చెప్తే "ఓహో" అని పేపరు చదువుకున్నారు. పాత హ్యూస్టన్ గారు 'ఉప్పెన' అని రాసింది ఆయనకు చదివి వినిపించాను. కళ్లద్దాలు తీసేశారు. 1977లో దివిసీమ ఉప్పెన నాటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. "ఆ రోజు ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అని నన్ను కోప్పడ్డారు. "సర్జ్ అంటే కరెంటు ఎక్కువ రావడమేమో అనుకున్నా" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందుకే మా తొమ్మిది ఇళ్లకు ప్లాన్ తెలుగులో రాశాను, సర్జ్ అన్నచోటల్లా ఉప్పెన అనే రాశాను. పక్కింటి వియత్నాం వాళ్లు, రెండు స్పానిష్ ఇళ్లవాళ్లు కూడా వాళ్ల భాషలో వాళ్లే రాసుకుంటామన్నారు.

జతలు: 38 ఇళ్లలో 29కి కుదిరాయి. లడ్డుగారింటికి మా వీధి చివర ఉండే టీచర్‌గారినీ ఆవిడ ముసలి లాబ్రడార్‌నీ రాశాను. మాకు కౌంటీ మధ్యలో, మా ఇంటికి పదకొండు మైళ్ల దూరంలో ఒక కుటుంబం దొరికింది. అత్తగారు వెళ్లి బాత్రూమ్ చూసొచ్చారు, మెట్టు లేదు, ఆవిడకు నచ్చింది. నాలుగిళ్ల వాళ్లు షెల్టర్‌కే వెళ్తామన్నారు. కారు లేని ఇద్దరి పేర్లు రిజిస్ట్రీలో రాయించాం, ఫోన్‌లో నలభై నిమిషాలు. పెద్దాయన మాత్రం షెల్టర్ అనగానే వద్దన్నారు. భార్య పోయిన ఇల్లు, వదలనంటారు. వాళ్లబ్బాయి సారసోటా నుంచి వచ్చి మాట్లాడుతున్నారు.

పీడీఎఫ్ బదులు ఒకే కాగితం చేశాను, ఫ్రిజ్ మీద అతికించేలా. పైన మీ జత ఇంటి అడ్రస్, ఫోన్. దాని కింద రెండే వాక్యాలు: ఉప్పెన వాచ్ పడితే ఎవరు కదలాలి, ఆర్డర్ పడితే ఎవరు కదలాలి. ఇంకేం లేదు. మా హెచ్‌ఓఏలో ఒకాయన లోగో పెట్టాలని పట్టుబట్టారు, పెట్టాను.

పోయిన ఆదివారం ఉత్తుత్తి ప్రయాణం ఒకటి చేశాం. పద్నాలుగు ఇళ్లవాళ్లు వచ్చారు. ఎండలో, ట్రాఫిక్ లేకుండా, నిజంగా సామాను కారులో పెట్టి జత ఇంటిదాకా వెళ్లి రావాలి. మేం రెండు గంటలు పడుతుందనుకున్నది సర్దడానికే మూడు గంటలైంది. అత్తగారి వీల్‌చైర్ పెడితే మా కారు డిక్కీలో ఇంకేం పట్టదని అప్పుడు తెలిసింది. ఇంకొకరింట్లో పిల్లిని బుట్టలో పెట్టడానికే ముప్పావు గంట, చేతుల నిండా గీతలు. అందుకని లెక్కలో ఇంటికి మూడు గంటలు కలిపాను.

ఒక్క అనుమానం మిగిలింది. పెద్దాయన చివరికి ఒప్పుకుని కొడుకు కారులో వెళ్తే, ఆయన ఆక్సిజన్ మిషన్ కారు సాకెట్ మీద నడుస్తుందా? నర్సుగారూ, మీకే.

నైట్ షిఫ్ట్ నర్సు:

ఏ మిషనో బట్టి ఉంటుంది. భుజానికి తగిలించుకునే చిన్నదైతే కారు చార్జర్ దాంతోపాటే వస్తుంది, చాలావరకు నడుస్తుంది, బ్యాటరీ కూడా ఉంటుంది. ఇంట్లో నేల మీద చక్రాలతో ఉండే పెద్దదైతే లైటర్ సాకెట్ దాన్ని లాగలేదు, 300 వాట్ల పైన తీసుకుంటుంది, ఫ్యూజు పోతుంది. పెద్దదే అయితే ప్రయాణానికి సిలిండర్లు ఇమ్మని ఆయనకు ఆక్సిజన్ ఇచ్చే కంపెనీని ఇప్పుడే అడగాలి. కారులో సిలిండర్ కదలకుండా కట్టండి, ఎవరూ సిగరెట్ వెలిగించకూడదు. మిషన్ వెనక స్టిక్కర్ ఉంటుంది, మోడల్ నంబరూ వాట్లూ కనపడేలా ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.